పెడల్ కయాక్ కొనే ముందు ఇంటి మెట్లు లెక్కపెట్టండి

ప్రశ్న: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, సెడాన్ కారు. నెల ఖర్చు 3,200 డాలర్లు. ఒంగోలులో అమ్మానాన్నలకు పంపాక కూడా 1,100 మిగులుతుంది. బ్యాంకులో 9,000 ఉంది, అప్పుల్లేవు. చేపలు పట్టడానికి హోబీ ప్రో యాంగ్లర్ 14 పెడల్ కయాక్ (కాళ్లతో తొక్కి నడిపే చిన్న పడవ) 4,500కి చూశాను. షాపువాళ్లు 24 శాతం వడ్డీతో 36 వాయిదాలు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వాయిదాల్లో వద్దు. 8.25 శాతం అమ్మకపు పన్ను కలిపితే ధర 4,871 అవుతుంది. నెలకు 191 చొప్పున మూడేళ్లు కడితే మొత్తం 6,880 దాకా చేతిలోంచి పోతుంది. వడ్డీయే రెండు వేల పైన! పైగా హెచ్-1బిలో ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీ 9,000 మూడు నెలల ఖర్చుకు కూడా చాలదు.

వడ్డీ సంగతి వదిలేసినా ఈ మోడల్ మీకు కుదరదు. బరువే సమస్య. ఒట్టి హల్ (పడవ ఒళ్లు) 120 పౌండ్లు, సీటూ డ్రైవూ (పెడళ్లుండే యంత్రం) బిగిస్తే 140 దాటుతుంది. ఒక్కరే దాన్ని సెడాన్ పైకి ఎత్తలేరు. ఎత్తినా, కారు కప్పు ఎంత బరువు మోయగలదో మాన్యువల్‌లో చూడండి. ఆ పరిమితిలో, కప్పు మీద అడ్డంగా బిగించే క్రాస్‌బార్ల బరువూ కలిసే ఉంటుంది. దాంతో ట్రైలర్ కావాలి, ట్రైలర్ లాగే బండి కావాలి. పధ్నాలుగు అడుగుల పడవను రెండో అంతస్తుకు ఎక్కించలేరు కాబట్టి స్టోరేజ్ గది అద్దె కూడా మొదలవుతుంది. నెలకు 80 అనుకున్నా మూడేళ్లకు 2,880. దగ్గర్లోని ఫ్రిస్కోలో గ్యారేజీ ఉన్న స్నేహితుడెవరైనా గోడ పక్కన చోటిస్తే అదే మీకు పెద్ద రాయితీ. కొనే ముందే అడగండి, కొన్నాక అడిగితే మొహమాటం.

పదిన్నర అడుగుల లోపు పెడల్ కయాక్‌లు చూడండి. సీటు, డ్రైవ్ తీసేశాక హల్ 75 పౌండ్ల లోపు ఉండాలి. మీరు వెళ్లబోయేది లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లాంటి చెరువులకైతే డ్రైవ్ ఎంపిక ముఖ్యం. హోబీ వాడే రెక్కల డ్రైవ్‌లో తక్కువ లోతులో రెక్కల్ని హల్‌కి ఆనించి ముందుకు జరగవచ్చు, నాచులో చిక్కుకోవడం తక్కువ. కానీ మొద్దులకు గుద్దుకుంటే రెక్కల ఊచలు వంగుతాయి. ఓల్డ్ టౌన్, నేటివ్ కంపెనీలు వాడే ప్రొపెల్లర్ డ్రైవ్‌లో వెనక్కి తొక్కితే పడవ వెనక్కి వస్తుంది. చేప మొద్దుల్లోకి లాగుతున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. అయితే దానికి అడుగున్నర నీళ్లైనా ఉండాలి, కలుపు చుట్టుకుంటే ఆపి తీయాలి. రెక్కల రకంలో చౌక మోడళ్లకు రివర్స్ ఉండకపోవచ్చు, అడిగి తెలుసుకోండి. ఏది కొన్నా తెడ్డు వెంట ఉండాల్సిందే.

ఇక డబ్బు. మిగిలే 1,100లో 700 అత్యవసర నిధికి, 400 వేరే పొదుపు ఖాతాలో కయాక్‌కి వెయ్యండి. మేలో మొదలుపెడితే అక్టోబరు ఆఖరుకి కయాక్ ఖాతాలో 2,400, నిధిలో 13,200 ఉంటాయి. నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంది కాబట్టి అప్పుడు కొనడానికి నాకు అభ్యంతరం లేదు. చలికాలంలో బేరం కూడా మీ వైపే ఉంటుంది. నా అంచనా: వాడిన కయాక్ 1,600, లైఫ్ జాకెట్ 120, చక్రాల బండి 100, క్రాస్‌బార్లు, పట్టీలు 350, తెడ్డు 60, విజిల్, తెల్ల లైటు 40, మంచినీటి చేపల లైసెన్సు 30. మొత్తం 2,300. లైసెన్సులో స్థానికుల ధర రావాలంటే టెక్సస్‌లో ఆరు నెలలకు పైగా ఉండి ఉండాలి. ఈలోగా సరదా నిలుస్తుందో లేదో చూసుకోండి: స్టేట్ పార్కుల్లో ఒడ్డున కూర్చుని గేలం వేస్తే లైసెన్సు అక్కర్లేదు.

వాడిన కయాక్ చూసేటప్పుడు హల్ వెనక కుడివైపు పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. టెక్సస్‌లో మోటారు లేని కయాక్‌కి రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి దొంగసొత్తు కాదనడానికి మీ చేతిలో ఉండేది ఆ సంఖ్య రాసిన అమ్మకపు రసీదే. సంఖ్య చెరిపేసి ఉంటే బేరం ఆపేయండి. తర్వాత పడవలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన రంధ్రాల అంచుల్ని వేలితో తడమండి. ఆ రంధ్రాల్లో గుచ్చే రకం చక్రాల బండి వాడితే బరువంతా అక్కడే పడి పగుళ్లు వస్తాయి. పాలిథీన్‌కి జిగురు సరిగా పట్టదు, వెల్డింగే చేయించాలి. పెడల్‌ని చేత్తో తిప్పి వదులు, గరగర ఉన్నాయేమో చూడండి. డ్రైవ్ పాడైతే మార్చడానికి వందల డాలర్లవుతుంది.

పడవ మీదయ్యాక పెడల్ దూరాన్ని కాలు పూర్తిగా చాచినా మోకాలు కొంచెం వంగి ఉండేలా పెట్టుకోండి. లేదంటే గంటకే మోకాళ్లు పట్టేస్తాయి. ఎండలో పట్టీలు మరీ బిగిస్తే హల్ సొట్ట పడుతుంది. చెరువు వదిలే ముందు నీళ్లన్నీ వంపేయడం టెక్సస్‌లో చట్టం. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు వ్యాపిస్తాయని పెట్టారు, కయాక్‌లకీ వర్తిస్తుంది. ముందుముందు ఎలక్ట్రిక్ మోటారు బిగిస్తే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ రుసుమూ లెక్కలోకి వస్తుంది.

మీ రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దె ఇంట్లోని సామానుకు బీమా) కాగితాలు కూడా ఒకసారి తెరవండి. చాలా పాలసీల్లో పడవలు, వాటి సామాను అన్నిటికీ కలిపి 1,500 డాలర్లే పరిమితి, ఇంటి బయట దొంగతనం జరిగితే అసలు చెల్లించరు. కయాక్ స్నేహితుడి గ్యారేజీలో ఉంటే అదీ ఇంటి బయటే. ఏజెంటుకు ఈమెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. డ్రైవ్‌నీ సీటునీ మాత్రం ప్రతిసారీ పైకి, మీ ఇంట్లోకే తెచ్చుకోండి.