హన్మకొండలో ఆన్‌రోడ్ 8 లక్షలకు కారు: వ్యాగన్‌ఆర్ సీఎన్‌జీనా, పంచ్ పెట్రోలా?

మీరు చెప్పిన లెక్క ఇది: ఇంట్లో ఐదుగురు, అందులో మోకాళ్ల నొప్పులున్న అమ్మ, నెలకు 700 కిలోమీటర్ల తిరుగుడు, ఆన్‌రోడ్ 8 లక్షలకు మించొద్దు. ఈ తిరుగుడుకు సీఎన్‌జీ గిట్టుబాటు కాదు.

ఎట్లాగంటే, అదే బండి సీఎన్‌జీలో దాదాపు 90 వేలు ఎక్కువ, దాని మీద లైఫ్ ట్యాక్స్ వేరే. పెట్రోల్ లీటరు 107, మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు 5.94 రూపాయలు. గ్యాస్ కిలో 95, మైలేజీ 26 అనుకుంటే 3.65. నెలకు మిగిలేది 1,600. ఆ 90 వేలు తిరిగి రావడానికే నాలుగున్నరేళ్లు దాటుతుంది. పైగా వ్యాగన్‌ఆర్‌లో సిలిండర్‌తోనే డిక్కీ నిండిపోతుంది, మేడారం జాతరకు పోతే సామాను ఒళ్లో పెట్టుకోవాల్సిందే. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ (ప్రెషర్ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) కూడా ఉంటుంది. నెలకు 1,500 కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్ల సంగతి వేరు.

ఇక ధర. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు జీఎస్టీ 18 శాతమే, కాబట్టి అంతకు ముందటి వీడియోల్లోని ధరలు పట్టించుకోకండి. మన తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. మీ పేరు మీద ఇదివరకే కారుంటే ఇంకో 2 శాతం. అంటే ఎక్స్‌షోరూం 6.7 లక్షల దగ్గర ఆగితేనే ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపి 8 లోపు వస్తుంది. కొటేషన్ కాగితం మీదే తీసుకోండి. అందులో హ్యాండ్లింగ్ చార్జీలని కనపడితే కొట్టేయమనండి. యాక్సెసరీస్ ప్యాకేజీ తప్పనిసరి అంటే నవ్వి ఊరుకోండి.

ఇన్సూరెన్సు షోరూంలోనే తీసుకోవాలన్న రూలేం లేదు, బయట రేటు చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లది తప్పదు, సొంత డ్యామేజీ ఏడాదిది చాలు. జీరో డిప్రిసియేషన్‌తో (పాతబడ్డాయని పార్టుల విలువ కోయకుండా ఇచ్చే కవర్) పాటు ఇంజిన్ ప్రొటెక్షన్ మాత్రం మన ఊర్లో వదలొద్దు. 2023 జూలైలో, 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకు కాలనీల్లో నీళ్లెట్లా నిలిచాయో చూశారు కదా. మునిగిన బండిని ఆత్రంగా స్టార్ట్ చేస్తే ఎయిర్ ఫిల్టర్ దారిన నీళ్లు ఇంజిన్ సిలిండర్‌లోకి పోతాయి. గాలిలాగా నీళ్లు నొక్కుకోవు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీలో ఇంజిన్‌కు వచ్చే ఈ నష్టాన్ని ఇవ్వరు. కవర్ ఉన్నా సరే, తాళం తిప్పకుండా బ్యాటరీ వైరు తీసి టోయింగ్‌కు ఫోన్ చేయడమే పద్ధతి.

రెండింట్లో నా మొగ్గు పంచ్ వైపు. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో దానికి పెద్దల రక్షణకు ఐదు స్టార్లు వచ్చాయి. 2023లో వ్యాగన్‌ఆర్‌కు వచ్చింది ఒక్కటే. తర్వాత దానికి ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు గానీ, వాటితో బాడీ గట్టిపడదు. పంచ్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకు, బండి అడుగుకు మధ్య ఎత్తు) ఎక్కువే, ఊరి రోడ్లకు నిమ్మళం. వెనక డోర్లు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. అయినా అమ్మను షోరూంకు తీసుకెళ్లి రెండింట్లో ఎక్కించి, దించి చూడండి. వ్యాగన్‌ఆర్ సీటు ఆమెకు సులువనిపిస్తే ఆమె మాటే చెల్లాలి. వెనక ముగ్గురికి భుజాలు పడతాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో చేస్తే ఏం తెలియదు. ఐదుగురూ ఎక్కి, ఏసీ వేసి, కాజీపేట బ్రిడ్జి మీద నెమ్మదిగా పోతూ రెండో గేరులో గుంజుతుందో లేదో చూడండి. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారేది) తీసుకుంటే ఎత్తులో యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టొద్దు, క్లచ్ కాలుతుంది.

లోను ఐదేళ్లకు మించొద్దు. 9 శాతం వడ్డీకి 5 లక్షలు ఐదేళ్లకైతే నెలకు 10,379, మొత్తం వడ్డీ 1.23 లక్షలు. ఏడేళ్లకైతే కిస్తు 8,045, వడ్డీ 1.76 లక్షలు.

మిగతా డబ్బు కట్టక ముందు, రిజిస్ట్రేషన్‌కు పంపక ముందు, బండిని పగటి వెలుతురులో చూడండి. ఛాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో కలవాలి. తయారైన నెల ఫారం 21లో (అమ్మకపు సర్టిఫికెట్) ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. నాలుగు టైర్లూ, స్టెప్నీ తేదీలు దగ్గర దగ్గరగా ఉండాలి. బానెట్ బోల్టుల మీద పెయింటు చెదిరి ఉంటే పైలం, ఎవరో విప్పి బిగించారు, ఇంకో బండి చూపించమనండి.