టెక్ సందేహాలు: ఓపెన్ సోర్స్‌లో ఆడవాళ్లకు వేరే గ్రూపు అవసరమా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ఓపెన్ సోర్స్‌లో (ఎవరైనా కోడ్ చూసి మార్చగల సాఫ్ట్‌వేర్‌లో) పని చేయాలని ఉంది. సీనియర్లు ముందు పైథాన్ ప్రోగ్రామింగ్ చేసే మహిళల గ్రూపు పైలేడీస్‌లో చేరమంటున్నారు. కోడ్‌కు ఆడ, మగ తేడా ఏముంది? వేరే గ్రూపు నుంచి వచ్చానంటే తక్కువగా చూడరా?
- ఒక పాఠకురాలు, వరంగల్

చేరండి. కోడ్‌కు తేడా లేదు, నిజమే. కోడ్ పెట్టేదాకా సాగే వ్యవహారంలోనే తేడా అంతా ఉంది. 2006లో, విద్యార్థులకు డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద, లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వస్తే అందులో అమ్మాయిలవి ఒక్కటీ లేదు. అదే ఏడాది గ్నోమ్ వాళ్లు మహిళలకే అని విడిగా పిలుపిస్తే వంద దాకా వచ్చాయి, ఆరుగురిని తీసుకున్నారు. అంటే పని వచ్చినవాళ్లు ముందూ ఉన్నారు, ఆ పిలుపు తమకోసమే అనిపించలేదంతే. ఆ ప్రయత్నమే 2010లో మళ్లీ మొదలై, నేడు ఔట్రీచీ అనే ఇంటర్న్‌షిప్‌గా నడుస్తోంది.

అయితే గ్రూపును ఎలా వాడుకుంటారన్నది ముఖ్యం. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2004లో మొదలైన డెబియన్ విమెన్ గ్రూపులో మగవాళ్లనూ రానిచ్చారు. కొత్తవాళ్లను డెబియన్ పనిలోకి తీసుకెళ్లడమే దాని ఉద్దేశం. మీరూ అలాగే చూడండి. తొలి ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పు) పంపేముందు ఒకరికి చూపించుకోవడానికి, ఏ మెయింటైనర్ (ప్రాజెక్టును నడిపేవారు) మర్యాదగా జవాబిస్తారో తెలుసుకోవడానికి, సదస్సుకు తోడు వెతుక్కోవడానికి గ్రూపు పనికొస్తుంది. బిల్డ్ ఎర్రర్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు వచ్చే తప్పు) వస్తే మాత్రం ప్రాజెక్టు చాట్ ఛానల్‌లోనే అడగండి. అక్కడ అడిగితే మీ పేరు మెయింటైనర్ల కంట పడుతుంది, రేపు కమిట్ హక్కు (కోడ్‌ను నేరుగా మార్చే అనుమతి) ఇచ్చేది వాళ్లే. అన్నీ గ్రూపులోనే అడుగుతూ పోతే ఏడాది గడిచినా ప్రాజెక్టులో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండరు. ఇలాంటి గ్రూపుల్లో ఎక్కువగా జరిగే నష్టం ఇదే.

చేరే ముందు ఒక పని తప్పకుండా చేయండి. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో మీ కమిట్ (నమోదైన మార్పు) ఒకటి తెరిచి, అడ్రస్ చివర ‘.ప్యాచ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో చేర్చి ఎంటర్ కొట్టండి. పైన ‘ఫ్రమ్’ వరుసలో మీ సొంత మెయిల్ ఐడీ కనిపిస్తే, అది ప్రపంచమంతటికీ కనిపిస్తున్నట్టే. వేధింపు మెయిళ్లు ఇక్కడి నుంచి మొదలయ్యే వీలుంది. సెట్టింగ్స్‌లో ఈమెయిల్స్‌కు వెళ్లి, అడ్రస్ గోప్యంగా ఉంచే ఆప్షన్, దాని కిందే మీ ఐడీ బయటపెట్టే పుష్‌లను (కోడ్ పంపడాన్ని) ఆపే ఆప్షన్ రెండూ ఆన్ చేయండి. అక్కడ చూపించే ‘నోరిప్లై’ అడ్రస్‌ను మీ కంప్యూటర్‌లోని గిట్ కాన్ఫిగ్‌లో (గిట్ సెట్టింగ్‌లలో) పెట్టండి. చాలామంది ఈ చివరి మెట్టు వదిలేస్తారు, అప్పుడు పుష్ తిరస్కరణకు గురవుతుంది. పాత కమిట్లలో చేరిన ఐడీ దీనితో పోదు, అందుకే ప్రాజెక్టుకు మొదటి కమిట్ పంపేముందే ఇది చేయాలి.

ఔట్రీచీకి సాధారణంగా ఏడాదికి రెండు విడతలు: మే నుంచి ఆగస్టు, డిసెంబరు నుంచి మార్చి. మూడు నెలల పనికి 7,000 డాలర్లు ఇస్తారు. ఆడవాళ్లకే కాదు, టెక్ రంగంలో వివక్ష ఎదుర్కొనే ఎవరికైనా అవకాశం ఉంది. తొలి వడపోతలో కాలేజీ తేదీలు అడుగుతారు, అకడమిక్ క్యాలెండర్ ముందు పెట్టుకుని నింపండి. అది దాటాక ప్రాజెక్టుకు నిజంగా పని చేసి చూపించాలి. ఆఖరి వారం దాకా ఆగితే మీ ప్యాచ్ చూసే తీరిక మెంటర్‌కు ఉండదు.

ప్రశ్న: మేం తెలుగు ఫాంట్లు, కీబోర్డు టూల్స్ ప్రాజెక్టు నడుపుతున్నాం. అమ్మాయిలు వస్తారు, నెల తిరక్కముందే మానేస్తారు. మహిళల గ్రూపు పెడితే నిలుస్తారా?
- ఒక మెయింటైనర్, హైదరాబాద్

గ్రూపు ఒక్కటే పెడితే నిలవరు. ముందు వాళ్లు పంపి వదిలేసిన ప్యాచ్‌లు తెరిచి, ఎన్నాళ్లు జవాబు లేకుండా ఉన్నాయో, ఎవరు ఏ మాట అన్నారో చదవండి. మూడు రోజుల్లో ఎవరో ఒకరు రివ్యూ చేసేలా వంతులు వేసుకోండి. కొత్తవాళ్లకని పెట్టే ఇష్యూలో (చేయాల్సిన పని వివరంలో) ఏ ఫైలు మార్చాలి, టెస్టులు ఎలా నడపాలి రాయండి. ప్రవర్తనా నియమావళిలో ఫిర్యాదు తీసుకునే ఇద్దరి పేర్లు ఉండాలి, వారిలో ఒకరు మెయింటైనర్ కాకూడదు. మెయింటైనర్ మీదే ఫిర్యాదు వస్తే వినేవారు కావాలి కదా!

ఆ తర్వాత అమ్మాయిలు అడిగితే గ్రూపు పెట్టండి, అడ్మిన్లను వాళ్లనే ఎంచుకోనివ్వండి. ప్రాజెక్టులో ఉన్న ఒకే ఒక్క అమ్మాయికి ఆ బాధ్యత అంటగట్టకండి. ఆమె వచ్చింది కోడ్ రాయడానికి.