గర్భసంచిలో కరెంటు గురించి చదవాలంటే ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో లేబర్ రూమ్ స్టాఫ్ నర్సు. మా అమ్మాయి నిరుడు ప్లస్ టూ సైన్స్ పాసైంది, 78 శాతం. బయాలజీ తీసుకుంది, లెక్కలు లేవు. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు ఎంబీబీఎస్సే వద్దంటోంది. "హార్మోన్లు గర్భసంచిలోని అయాన్ ఛానెళ్లను ఎలా నడిపిస్తాయో అది చదువుతాను" అంటోంది. అలాంటి కోర్సు ఉందా? చదివితే ఉద్యోగం వస్తుందా? లేక మూడోసారి నీట్ కోసం లాంగ్ టర్మ్‌లో వేయమంటారా?

జవాబు: ఆ పేరుతో కోర్సు ఎక్కడా లేదండి. ఏ కాలేజీ ప్రాస్పెక్టస్ తిరగేసినా కనబడదు. అలాగని పిల్ల గాలిమాటలు చెబుతోందనుకోకండి. ఆమె దేని గురించి అడుగుతోందో మీ ఆవిడకు బాగా తెలుసు. రోజూ ఆవిడ చేతి కింద జరిగే పనే అది.

లేబర్ రూమ్‌లో పార్టోగ్రాఫ్ అని ఒక కాగితం నింపుతారు. తల్లి పొట్ట మీద చెయ్యి వేసి, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులొచ్చాయో లెక్కపెడతారు. నొప్పి 20 సెకన్ల లోపే వదిలేస్తే గడిలో చుక్కలు పెడతారు. 20 నుంచి 40 సెకన్లుంటే ఏటవాలు గీతలు గీస్తారు. 40 దాటితే గడి మొత్తం నలుపు. తొమ్మిది నెలలు నిండాక ఆ గడి నల్లబడాలి, ఏడో నెలలో నల్లబడకూడదు. ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ అమ్మాయి అడిగేది అదే.

గర్భసంచి గోడలో ఎక్కువ భాగం కండరం. అందులో ఒక్కో కణం లోపలివైపు, బయటితో పోలిస్తే, కాస్త నెగటివ్‌గా ఉంటుంది. మిల్లీవోల్టుల్లో కొలిచేంత తేడా. కాల్షియం, పొటాషియం లాంటి విద్యుదావేశమున్న రేణువులను అయాన్లంటారు. అవి వచ్చిపోవడానికి కణం పొరలో ప్రోటీన్‌తో అయిన సన్నని ద్వారాలుంటాయి, అవే అయాన్ ఛానెళ్లు. కాల్షియం ద్వారం తెరుచుకుంటే కాల్షియం లోపలికొచ్చి కండరం బిగుసుకుంటుంది. పొటాషియం ద్వారం తెరుచుకుంటే పొటాషియం బయటికి పోయి కండరం నెమ్మదిస్తుంది. ఏ ద్వారాలు ఎన్ని ఉండాలి, ఎంత తేలిగ్గా తెరుచుకోవాలి అన్నదాంట్లో హార్మోన్ల పెత్తనం చాలా ఉంది. ప్రొజెస్టెరాన్ నెలలు నిండేదాకా కండరాన్ని జోకొడుతుంది. చివర్లో ఈస్ట్రోజన్‌ది పైచెయ్యి అవుతుంది. కణానికీ కణానికీ మధ్య దారి వేసే కనెక్సిన్-43 అనే ప్రోటీన్, ఆక్సిటోసిన్‌ను అందుకునే రిసెప్టర్లు దానివల్ల పెరుగుతాయి. అప్పటిదాకా దేని మానాన అది కదిలిన కణాలు ఒక్కసారిగా బిగుస్తాయి.

ఇందులో ఒక తమాషా చూడండి. మేక ఈనే ముందు దాని రక్తంలో ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. మనిషిలో పడదు. మాయ బయటికొచ్చేదాకా దండిగానే ఉంటుంది, కండరమే దాని మాట వినడం మానేస్తుంది. ఎలా మానేస్తుందన్న దాని మీద ఇంకా పరిశోధన నడుస్తూనే ఉంది. 2014లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు ఇంకో ముక్క పట్టుకున్నారు. హెర్గ్ అనే పొటాషియం ఛానెల్ నెలలు నిండేదాకా నొప్పులను అణచి పెడుతుంది, ప్రసవం మొదలైనప్పుడు దాని జోరు తగ్గుతుంది. బాగా లావుగా ఉన్న తల్లుల్లో మాత్రం ఆ జోరు తగ్గడం లేదని వాళ్లు చూశారు. ఈ హెర్గ్ పేరు గుర్తుపెట్టుకోండి, ఉద్యోగాల దగ్గర మళ్లీ వస్తుంది.

మీ ఆవిడ వాడే మందుల్లోనూ ఇదే కథ. నెలలు నిండకుండా నొప్పులొస్తే డాక్టరు నిఫెడిపిన్ రాస్తారు. బీపీకి ఇచ్చే ఆ మాత్రే ఇక్కడ కాల్షియం ద్వారాన్ని మూస్తుంది. బిడ్డ పుట్టగానే తొడకు వేసే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కణంలో కాల్షియాన్ని పెంచి గర్భసంచిని గట్టిపరుస్తుంది, రక్తం పోకుండా కాపాడుతుంది. ఒకరోజు సాయంత్రం తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి ఈ రెండు మందుల గురించి మాట్లాడుకోమనండి. పిల్ల ఆసక్తి నిజమా, నీట్ దెబ్బకు పుట్టిన విసుగా అన్నది ఆ గంటలోనే మీకు తెలిసిపోతుంది.

ఇక దారి సంగతి. ఈ చదువు అసలు పేరు ఫిజియాలజీ, అంటే శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే శాస్త్రం, దానికి తోడు కాస్త ఫిజిక్స్. నేనైతే మూడోసారి నీట్ కోసం లాంగ్ టర్మ్ వద్దంటాను. ఐసర్, నైసర్ అని సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం నడిపే సంస్థలున్నాయి. ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీ, నైసర్ ప్రవేశ పరీక్ష నెస్ట్, ఈ రెండూ రాయించండి. బరంపురంలో ఐసర్ ఉంది, భువనేశ్వర్‌లో నైసర్ ఉంది, రెండింట్లోనూ ప్లస్ టూ తర్వాత ఐదేళ్ల చదువు. మన సరిహద్దు తెలుగువాళ్లకు విశాఖ వైపు వెళితే లోకల్ కాదన్న బాధ ఒకటి ఎప్పుడూ ఉంటుంది కదా, దేశమంతటికీ ఒకటే అయిన ఈ పరీక్షల్లో ఆ బాధ లేదు. నెస్ట్‌లో నాలుగు సబ్జెక్టుల్లో బాగా వచ్చిన మూడే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి లెక్కలు లేకపోయినా నెట్టుకురావచ్చు. ఐఏటీలో అలా కాదు, 60 ప్రశ్నల్లో 15 లెక్కలవే. ప్లస్ టూ పాసైన సంవత్సరానికీ పరిమితి ఉంటుంది, ఈ ఏటి నోటిఫికేషన్‌లో అది ముందు చూసుకోండి.

ఏ దారిలో వెళ్లినా లెక్కలు వదలకూడదు. కణం లోపలా బయటా పొటాషియం ఎంతుంటే ఎన్ని మిల్లీవోల్టులొస్తాయో చెప్పే సూత్రంలో లాగరిథమ్ ఉంది. అది చూసి బెదిరిపోయే పిల్ల ఈ రంగంలో నిలబడదు. ఇప్పట్నుంచీ రోజూ ఓ గంట చేయించండి.

ఆ రెండు పరీక్షల్లోనూ రాకపోతే కొంప మునగదు. జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న మామూలు బీఎస్సీ చాలు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు, లేదా ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఏదైనా మంచి సంస్థలో లైఫ్ సైన్సెస్ చేయొచ్చు. కాలేజీ ఎంచుకునేటప్పుడు బోర్డు మీది పేరు చూసి పడిపోకండి. ఒకప్పుడు నేనే ఆ తప్పు చేశాను. బయోటెక్నాలజీ అన్న పేరు చూసి ఒక అమ్మాయిని ఒక ప్రైవేటు కాలేజీలో చేరమన్నాను. మూడేళ్లలో ఆ ల్యాబ్ తలుపు తీసింది ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే. చేరేముందు మీరే వెళ్లి ల్యాబ్ చూడండి, అక్కడి పిల్లల రికార్డు పుస్తకం అడిగి తిప్పి చూడండి.

ఎవరూ చెప్పని దారి ఇంకోటుంది, పశువైద్యం. మన దేశంలో గర్భసంచి కండరం మీద చెప్పుకోదగ్గ పని వెటర్నరీ ఫార్మకాలజీ (పశువుల మందుల శాస్త్రం) వాళ్లు గేదెల మీద చేశారు. వాళ్ల ల్యాబ్‌లో గేదె గర్భసంచి నుంచి సన్నని పీలిక కోసి, 37 డిగ్రీల ఉప్పునీటి ద్రావణంలో దారంతో వేలాడదీసి, ఆక్సిజన్ బుడగలు వదులుతారు. నరం లేదు, మెదడు లేదు. అయినా ఆ పీలిక దానంతటదే బిగుస్తూ వదులుతూ ఉంటుంది. అది ఒక్కసారి చూసిన పిల్లలు మరిచిపోరు. అఖిల భారత కోటా పశువైద్య సీట్లకూ నీట్ మార్కులే చూస్తారు. కాబట్టి ఈసారి నీట్ మార్కులు పనికిరావని పక్కన పడేయకండి, ఆ కౌన్సెలింగ్ సంగతి కనుక్కోండి.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఐదేళ్ల చదువు, ఆపైన ఇంచుమించు ఐదేళ్ల పీహెచ్‌డీ. పరిశోధనకు అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఫెలోషిప్, అద్దె భత్యం అదనం. దాంతో తన ఖర్చు వెళ్లిపోతుంది గానీ ఇంటికి పంపడం కష్టం. ఆ తర్వాత మెడికల్ కాలేజీల్లో, ముంబైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి పునరుత్పత్తి ఆరోగ్య సంస్థ లాంటి చోట్ల, నెలలు నిండని కాన్పుల మీద పెద్ద అధ్యయనం నడుపుతున్న ఫరీదాబాద్ పరిశోధన సంస్థ టీహెచ్ఎస్‌టీఐలో పని ఉంటుంది. పోటీ గట్టిగానే ఉంటుంది. ఫార్మా కంపెనీల్లో మాత్రం ఛానెళ్లను కొలిచే ఈ చేతిపనికి వేరే గిరాకీ ఉంది. కొత్త మందు తయారైతే చాలావరకు అది గుండెలోనూ ఉండే హెర్గ్ ఛానెల్‌ను మూసి గుండె లయ తప్పిస్తుందేమో చూడాల్సిందే. ఎలర్జీ మందు టెర్ఫెనడిన్‌ను 1990ల చివర్లో అమెరికాలో తీసేసింది అందుకే. ఒక్క ఛానెల్ గుండా పారే కరెంటును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతికి 1991లో నెహెర్, జాక్‌మన్‌లకు నోబెల్ వచ్చింది. ఆ పద్ధతి చేతికొచ్చినవాళ్లు గర్భసంచి దగ్గర నేర్చుకుని గుండె దగ్గర ఉద్యోగం చేయొచ్చు.

బీఎస్సీ నర్సింగ్ మాటేమిటని మీ ఆవిడ అడగొచ్చు. ఉద్యోగం త్వరగా రావాలన్నదే ఇంట్లో ముఖ్యమైతే తప్పకుండా అదే చేయించండి. కానీ పిల్ల ప్రశ్నకు జవాబు అందులో దొరకదు. ఇంటి పరిస్థితి ఏమిటో ఆమెకు దాచకుండా చెప్పి, ఆ తర్వాత ఆమెనే ఎంచుకోనివ్వండి.