అమ్మానాన్నలతో ఇంగ్లండ్‌లో మంచి తోట ఉన్న బి అండ్ బి ఎక్కడ బాగుంటుంది?

జూన్ చివర్లో అమ్మానాన్నలు వస్తున్నారు, హోటల్ కాకుండా తోట ఉన్న బి అండ్ బిలో, అంటే ఇంటివాళ్లే గదీ పొద్దున టిఫినూ ఇచ్చే చోట, ఉంచాలని ఉంది అన్నారు. టైమ్ బాగా కుదిరింది. గులాబీలు విరగబూసే రోజులవి. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి భోంచేసి వచ్చాక కూడా తోటలో తీరిగ్గా కూర్చోవచ్చు.

నన్నడిగితే కాట్స్‌వోల్డ్స్ అనే కొండపల్లెల ప్రాంతంలో, చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే ఊరి చుట్టుపక్కల చూడండి. మావాళ్లని అక్కడే ఒక పాత రాతి ఇంట్లో ఉంచాం. హిడ్‌కోట్, కిఫ్ట్స్‌గేట్ తోటలు దగ్గర్లోనే, దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. హిడ్‌కోట్‌లో ఎత్తైన కంచె మొక్కలే గోడలు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తున్నట్టే ఉంటుంది. నాన్నకి అది తెగ నచ్చింది.

గది ఫొటోలు చూసి బుక్ చేయకండి. ఫోన్ చేసి, తోట పని ఎవరు చూసుకుంటారు, మీరు వచ్చే వారం ఏం పూసి ఉంటాయి అని అడగండి. ఇంటావిడే చేసుకుంటుంటే ఇక ఫోన్ పెట్టనివ్వదు. అలాంటి ఇల్లే మీకు కావాల్సింది.

మా అమ్మకి పొద్దున్నే దేవుడికి పూలు పెట్టందే కాఫీ దిగదు. పరాయివాళ్ల తోటలో చెయ్యి పెట్టొద్దని ముందే చెప్పి తీసుకెళ్లాం. టిఫిన్ దగ్గర మాటల్లో ఈ సంగతి వచ్చేసరికి ఆ ఇంటి పెద్దావిడ కత్తెర తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, స్వీట్ పీ తీగల దగ్గరికి తీసుకెళ్లింది. ఆ పూలు కోసేకొద్దీ పూస్తాయి, వదిలేస్తే కాయ కట్టి పూత ఆగిపోతుంది. మర్నాడు ఆవిడే అమ్మ కోసం గుమ్మంలో నిలబడింది! ఒకరి భాష ఒకరికి రాదు, అయినా గంటసేపు ఏం మాట్లాడుకున్నారో మరి.

శాకాహారులైతే బుకింగ్‌లోనే చెప్పండి. పుట్టగొడుగులు, బీన్స్, టమాటా, టోస్ట్ పెడతారు. గుడ్డు కూడా తినకపోతే అది విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే అనుకుంటారు. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే కింది గది అడగండి. వీకెండ్‌లో చాలాచోట్ల రెండు రాత్రులకి తక్కువ ఇవ్వరు.

కారు లేకపోతే లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి, క్యాంప్‌డెన్‌కి దగ్గర్లో ఉన్న మోర్టన్-ఇన్-మార్ష్‌కి నేరుగా రైలుంది, గంటన్నర పైచిలుకు ప్రయాణం. అక్కణ్ణుంచి టాక్సీ మాత్రం ముందే మాట్లాడిపెట్టుకోండి.