ఫొటోల కన్నా ముందు రిజిస్టరు

చి. రవికి,

ఆశీస్సులు. విశాఖ ఫ్లాట్‌ని రోజువారీ అద్దెకి ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో పెడతానన్నావు. పెట్టు, ఖాళీగా ఉంచితే బూజు తప్ప ఏం వస్తుంది? ఫొటోల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు అసోసియేషన్ సెక్రటరీ గారిని కలిసి బైలాస్, అంటే అసోసియేషన్ నియమాలు, అడిగి చదువు. ఫ్లాట్ మనదే అయినా లిఫ్టూ గేటూ అందరివీ. ప్రతి శనివారం కొత్తవాళ్లు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వస్తుంటే పక్కవాళ్లకి టెన్షనే కదా. సరేనంటే ఆ మాట కాగితం మీద తీసుకో. సెక్రటరీలు మారిపోతుంటారు.

హోమ్‌స్టే అని మాత్రం రాసుకోకు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో గుర్తింపు కావాలంటే యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. గదులు 6, మంచాలు 12 దాటకూడదు. నువ్వేమో హైదరాబాద్‌లో ఉంటివి.

అసలు పని రిజిస్టరు దగ్గరుంది. పొడుగు నోటుబుక్ ఒకటి కొని పేరు, ఊరు, ఫోను, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం అని గళ్లు గీయి. బుక్ చేసినవాళ్లదొక్కటే కాదు, దిగిన పెద్దవాళ్లందరి కార్డులూ చూడాలి. ఆధార్ అయితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవాళ్లు) ఆన్‌లైన్‌లో నింపాలి. అది పెద్ద హోటళ్లకే అనుకునేవు, ఇల్లిచ్చిన మనకీ తప్పదు. పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు, అన్నీ అడుగుతుంది. ఆ సైటులో లాగిన్ ఇప్పుడే తీసి ఉంచు. అతిథిని సోఫాలో కూర్చోబెట్టి అప్పుడు మొదలుపెడితే తెమిలే పని కాదు.

నీ మొత్తం వ్యాపార రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, యాప్ బుకింగులకి జీఎస్టీ యాప్‌వాళ్లే కడతారు. ఇన్‌కమ్ ట్యాక్స్ నీదే. ఇంటి కరెంటు కేటగిరీ దీనికి సరిపోతుందో లేదో కరెంటాఫీసులో అడుగు.

తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి ఊరుకుంటానంటే మాత్రం నేనొప్పుకోను. రాత్రి 11 గంటలకి పైన డీజే మోగితే సెక్రటరీ గారు ఎవరికి ఫోన్ చెయ్యాలి? మీ పిన్ని నా నంబరిమ్మంటోంది గానీ, నేను పదింటికే పడుకుంటాను. కింద ఫ్లాట్ మాస్టారిని అడిగి చూడు, నెలకింతని ఇస్తే ఒప్పుకుంటారేమో.

ఇట్లు,
మీ బాబాయ్