మెడ మీద పట్టీ గుర్తు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మా వీధిలో పద్నాలుగు కుక్కలు చేరాయి, ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి అన్నది ఒకటి. పిల్లలను బయటికి పంపాలంటే భయంగా ఉంది, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నది రెండోది. రెండోదానికి జవాబు సులువు. నగరపాలక సంస్థకు రాయండి. పట్టుకుపొమ్మని కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదలమని రాయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

నన్ను పట్టి నిలిపింది మీ మొదటి ప్రశ్న. ఎక్కడి నుంచి వస్తున్నాయంటే, ఇళ్లలో నుంచి. పక్కింట్లో నుంచి, కింది అంతస్తులో నుంచి. ఊహించి చెప్పడం లేదు. ఒక కుక్క ఇంట్లో నుంచి వీధిలోకి ఎలా వచ్చిందో దాదాపు ఏడాది పాటు కళ్లారా చూశాను.

మేము మూడో అంతస్తులో ఉంటాం. అప్పట్లో కింది అంతస్తులో ఒక కుటుంబం ఉండేది. చిన్నవాడి పుట్టినరోజుకు కుక్కపిల్లను తెచ్చారు. తేనె రంగు, వేలాడే చెవులు. హనీ అని పేరు పెట్టారు. మెడకు ఎర్ర పట్టీ, దానికి చిన్న గంట. మొదటి నెలంతా సాయంత్రమైతే చాలు, పిల్లలందరూ దాని చుట్టూనే. ఫొటోలు, ముద్దులు, ఒకరి చేతుల్లో నుంచి మరొకరి చేతుల్లోకి.

ఆరో నెలకు అది చెప్పులు కొరికింది, సోఫా చింపింది, రాత్రిళ్లు అరిచింది. ఎదిగే కుక్క చేసే పనులే అవి. రోజుకు రెండు పూటలా నడిపించే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మాట వినడం నేర్పే ఓపిక అంతకన్నా లేదు. వెనక వసారాలో కట్టేశారు. పొద్దున ఎనిమిదికి అందరూ వెళ్లిపోతే సాయంత్రం ఆరు దాకా దానికి గొలుసు పొడవే లోకం. అది అరుస్తుంటే నాకు పని సాగేది కాదు. అరుపు ఆగిపోయిన రోజు ఇంకా బాధగా ఉండేది. పెంపుడు జంతువు అంటే ఇంటి సామాను అనుకునే వాళ్లకు దాన్ని అమ్మేవాళ్లు ఒక్క ప్రశ్నైనా అడగరు. మీ ఇంట్లో పగలు ఎవరు ఉంటారు, ఎవరు నడిపిస్తారు, పన్నెండేళ్లు పెంచగలరా అని అడిగితే సగం అమ్మకాలు అక్కడే ఆగిపోతాయి. ఫ్రాన్స్‌లో 2024 జనవరి నుంచి దుకాణాల్లో కుక్కలను, పిల్లులను అమ్మడం నిషేధించారు. అన్ని దేశాలూ చేయాల్సిన పని అది. మంచు ప్రదేశాల కోసం పుట్టిన దట్టమైన బొచ్చు కుక్కను ఎండలు మండే ఊళ్లలో కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. కానీ ఆ సంగతి మొదలుపెడితే ఈ జవాబు పూర్తికాదు.

కొన్నాళ్లకు పొద్దున్నే గేటు తీసి హనీని వదలడం మొదలుపెట్టారు. "కాసేపు తిరిగి అదే వస్తుందండీ" అనేవారు. వచ్చేది, నిజమే. వచ్చేలోగా ఎక్కడ తిరిగిందో, ఎవరి గుమ్మం ముందు పాడు చేసిందో వాళ్లకు పట్టేది కాదు. ఆడకుక్క ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది. ఆ తర్వాత ఏడాదికి దాదాపు రెండుసార్లు. ఇది నేను ఆ ఇంటావిడకు ముందే చెప్పాను. ఆపరేషన్ చేయించండి, పశువుల డాక్టరు ఒక్క పూటలో చేసి పంపిస్తారు అన్నాను. "పాపం, ఒక్కసారైనా తల్లి కావద్దా అండీ?" అంది. ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఒక ఈత అయ్యాకే ఆపరేషన్ మంచిదన్న మాటకు వైద్యంలో ఏ ఆధారమూ లేదు. తల్లి కావాలని కుక్క అడగదు. అడిగేది మనుషులు, పుట్టిన ఏడింటిని వీధిలో వదిలేసేదీ మనుషులే.

కుక్క చూలు దాదాపు 63 రోజులు. వాళ్లు గమనించేసరికి అందులో సగానికి పైగా గడిచిపోయింది. ఒక ఆదివారం ఉదయం నేను కిందికి దిగితే హనీ గేటు బయట ఉంది. తోక ఊపుతూ కమ్మీల మధ్య నుంచి మూతి లోపలికి పెట్టింది. ఏదో తేడాగా అనిపించింది. గంట చప్పుడు లేదు. వంగి చూస్తే మెడకు పట్టీ లేదు. పట్టీ ఉండే చోట బొచ్చు అరిగి, వేలి వెడల్పున తెల్లటి గీత మెడ చుట్టూ తిరిగి ఉంది. ఇంట్లో నుంచి పంపేముందు పట్టీ విప్పి పంపారు. పట్టీ ఉంటే అది ఎవరిదో తెలిసిపోతుంది మరి.

రెండు వారాల తర్వాత నీళ్ల మోటారు గది వెనక ఈనింది. ఏడు కూనలు. ఎప్పుడు లోపలికి దూరిందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. తను పెరిగిన చోటు అదే కాబట్టి అక్కడికే వచ్చింది.

పదో రోజు, కూనలు ఇంకా కళ్లు తెరవక ముందే, రెండో అంతస్తు పిల్లవాడి బంతి మోటారు గది వెనక్కి దొర్లింది. తొమ్మిదేళ్ల వాడు. వంగి చెయ్యి చాపాడు. తల్లికుక్క లేచింది. వాడు వెనక్కి తిరిగి పరుగెత్తబోయాడు, పిక్క పట్టుకుంది.

కేక విని దిగాను. పిక్క మీద రెండు రంధ్రాలు, ఒక గీత. రక్తం పెద్దగా రాలేదు. వాళ్లమ్మ ఆఫీసులో ఉంది. వాచ్‌మన్ కట్టు కట్టడానికి గుడ్డ తెచ్చాడు, వద్దన్నాను. పిల్లవాణ్ని కుళాయి గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ల ధార సరిగ్గా గాయం మీద పడేలా కాలు పెట్టి, బట్టల సబ్బు అందుకున్నాను. రేబీస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. అందుకే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడగమంటారు. చదివినప్పుడు అది ఒక చిన్న వాక్యం. ఏడుస్తున్న పిల్లవాడి కాలు చేతిలో పెట్టుకుని కడుగుతుంటే అయిదు నిమిషాలు కూడా ఎంతకీ గడవవు. ఫోను గట్టు మీద పెట్టి సమయం చూస్తున్నాను. నురుగు గులాబీ రంగులో కాలువలోకి పోతోంది. నీళ్లకు నా వేళ్లు ముడతలు పడ్డాయి.

"ఆంటీ, ఇంకెంతసేపు?"

"ఇంకో ఆరు నిమిషాలు నాన్నా."

కాసేపు ఊరుకుని అన్నాడు: "హనీ నన్నెందుకు కరిచింది? రోజూ నాతోనే కదా ఆడుకునేది."

దానికి పిల్లలు పుట్టారు, నువ్వు వాటిని తీసుకుపోతావని భయపడింది అని చెప్పాను. అది నిజమే. తల్లికుక్క దగ్గరికి ఎవరు వెళ్లినా అంతే. కానీ ఆ కూనలను మోటారు గది వెనక కనాల్సిన గతి దానికి ఎందుకు పట్టిందో తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఎలా చెప్పను?

ఆసుపత్రిలో గాయం లోపల, చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు, అంటే వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు, భుజానికి మొదటి టీకా వేశారు. మళ్లీ మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత చెప్పిన రోజు తప్పకుండా రమ్మన్నారు. బల్ల మీద కూర్చుని ఉండగా నాకు ఒకటే ఆలోచన. 1885 జులైలో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఈ టీకా మొదటిసారి వేసిన పిల్లవాడు జోసెఫ్ మైస్టర్ వయసు కూడా తొమ్మిదేళ్లే. టీకా వచ్చి 140 ఏళ్లు దాటినా కుక్కకాటు వల్ల వచ్చే రేబీస్‌తో ఏటా దాదాపు 59,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వైరస్ నరాల వెంట మెదడు వైపు నెమ్మదిగా పాకుతుంది. అది చేరేలోగా టీకా పనిచేస్తే మనిషి బతుకుతాడు. లక్షణాలు కనిపించాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. చిన్న గాటే కదా అని ఊరుకునేవాళ్లకు ఈ మాట చెప్పండి. పెంపుడు కుక్క గీరినా ఇదే వరుస: కడగడం, వెళ్లడం, అన్ని మోతాదులూ పూర్తి చేయడం.

సాయంత్రం కింది ఇంటి తలుపు కొట్టాను. ఇంటాయన వచ్చాడు.

"మీ కుక్క పిల్లవాణ్ని కరిచిందండీ. దానికి రేబీస్ టీకా వేయించారా, ఎప్పుడు వేయించారు? డాక్టరు అడుగుతున్నారు."

"మాకు కుక్క లేదండీ. అది వీధి కుక్క."

అతని భుజం మీదుగా తలుపు వెనక కొక్కెం కనిపిస్తోంది. దానికి ఎర్ర పట్టీ వేలాడుతోంది, గంటతో సహా. చిన్నవాడు తండ్రి వెనక నిలబడి నన్నే చూస్తున్నాడు. వాడి ముందు ఇంకేమీ అనలేక పైకి వచ్చేశాను. ఆరోజు అనాల్సినవి అనలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మర్నాడు మేడలోని వాళ్లంతా సమావేశమయ్యారు. ఒకరు విషం పెడదామన్నారు. ఒకరు బండిలో తీసుకెళ్లి ఊరి చివర వదిలేద్దామన్నారు. గంటన్నర మాట్లాడుకున్నారు గానీ ఆ ఇంటివాళ్ల పేరు ఎత్తినవాళ్లు ఒక్కరూ లేరు. ఇరుగుపొరుగు వాళ్లతో గొడవెందుకని. కుక్కతో గొడవైతే అది తిరిగి మాట్లాడలేదు కదా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో ఆ గదిలో కూర్చుని చూశాను.

ఊరి చివర వదిలేయడం ఎందుకు తప్పంటే, అక్కడి కుక్కలు దాన్ని చీల్చేస్తాయి, ఇక్కడ ఖాళీ అయిన చోటికి వేరే కుక్కలు వస్తాయి. చెత్తకుప్పలో తిండి ఉన్నంత కాలం చోటు ఖాళీగా ఉండదు. కొత్తగా వచ్చినవాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే రేబీస్ వ్యాప్తి ఆగిపోతుందని లెక్క. టీకా వేసిన వాటిని పట్టుకుపోతే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. నెదర్లాండ్స్‌లో ఈరోజు వీధికుక్క దాదాపు కనిపించదు. అక్కడ కుక్కను వదిలేసేవాళ్లకు జరిమానాలు ఉంటాయి. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి పెంపుడు కుక్కకు మైక్రోచిప్ తప్పనిసరి. బియ్యపు గింజంత చిప్పు, అందులో యజమాని ఎవరో తెలిపే ఒక నంబరు. పట్టీ విప్పవచ్చు గానీ భుజాల మధ్య చర్మం కింద ఉన్న చిప్పును విప్పి కొక్కేనికి తగిలించలేరు. నాకు అధికారం ఉంటే ముందు చేసే పని అదే. చిప్పు లేని కుక్కపిల్లను అమ్మినవాడికీ, కొన్నవాడికీ ఇద్దరికీ జరిమానా వేస్తాను.

తిండి పెట్టేవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది, చెప్పకుండా ఉండలేను. తమ గుమ్మం ముందు కాకుండా పక్కింటి గుమ్మం ముందు గిన్నె పెట్టి పోతారు. దయ ఉండాలి, ఎవరూ కాదనరు. కానీ తిండి పెట్టే చేతికి మచ్చికైన కుక్కను ఆపరేషన్‌కు పట్టివ్వగలిగేది ఆ చెయ్యి ఒక్కటే. ఆ పని చేయకుండా తిండి మాత్రమే పెడితే వచ్చే ఏడాది గిన్నెలు పెరుగుతాయి.

హనీ సంగతికి వస్తాను. కరిచిన కుక్కను పది రోజులు గమనించమన్నారు డాక్టరు. కాటు వేసే నాటికే దాని లాలాజలంలో వైరస్ ఉంటే ఆ పది రోజుల్లో అది జబ్బుపడి చనిపోతుంది. దాన్ని అక్కడి నుంచి కదపవద్దని మేడలోని వాళ్లను బతిమాలాను. మోటారు గదికి అడ్డంగా రేకు పెట్టించి, రోజూ పొద్దున తిండి, నీళ్లు తీసుకెళ్లి చూసేదాన్ని. నీళ్లు తాగుతోందా, నడక సరిగా ఉందా, నోటి వెంట చొంగ కారుతోందా. పదో రోజు దాకా నాకు నిద్ర సరిగా లేదు. పదకొండో రోజు అది రేకు మీదికి ముందుకాళ్లు ఎత్తి నన్ను చూసి తోక ఊపింది. పిల్లవాడి ఇంటికి పరుగెత్తుకెళ్లి చెప్పాను. వాడు మిగతా టీకాలు కూడా పూర్తిగా వేయించుకున్నాడు.

ఏడు కూనల్లో మూడింటికి మూడు నెలలు నిండలేదు, కార్ల కింద పడ్డాయి. ఒకటి జబ్బుతో పోయింది. రెండింటిని ఆపరేషన్ చేయిస్తామని మాట ఇచ్చిన ఇళ్లకు ఇచ్చాను, చేయించారా లేదా అని ఫోను చేసి మరీ కనుక్కున్నాను. మిగిలింది ఒక మగది. పాలు మరిచాక హనీకి నేనే ఆపరేషన్ చేయించాను, కొడుకు ఎదిగాక దానికీ అయింది. ఇద్దరికీ ఏటా రేబీస్ టీకా వేయిస్తున్నాను. ఆపరేషన్ అయిందని తెలియడానికి చెవి కొస చిన్నగా కత్తిరించారు. కింది కుటుంబం ఆ ఏడాదే ఇల్లు మారింది. కొత్త ఇంట్లో మళ్లీ ఒక కుక్కపిల్ల ఉందని విన్నాను.

హనీ ఇప్పుడు మా మెట్ల కింద పడుకుంటుంది. రెండేళ్లయింది. మెడ మీద బొచ్చు మళ్లీ వచ్చింది గానీ, ఆ గీత ఉన్న చోట రంగు కాస్త లేతగా ఉంటుంది. తెలిసినవాళ్లకే కనిపిస్తుంది.

రేపు పొద్దున మీ వీధిలోని ఆ పద్నాలుగింటినీ దూరం నుంచే జాగ్రత్తగా చూడండి. చెవి కొస కత్తిరించి ఉన్నవి ఎన్ని, మెడ చుట్టూ బొచ్చు అరిగినవి ఎన్ని, పిలిస్తే మనిషి దగ్గరికి వచ్చేవి ఎన్ని. ఆ మూడు అంకెలు నాకు చెప్పండి. నగరపాలక సంస్థకు ఏం రాయాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.