ఏఎస్/400 స్క్రీన్‌ని బయటి నుంచి బ్రౌజర్‌లో వాడాలంటే: పోర్టు 23 తెరవకుండా చేసే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆఫీసులో ఏఎస్/400 (ఐబీఎం వ్యాపార కంప్యూటర్) మీద పాత స్టాక్, బిల్లింగ్ అప్లికేషన్ నడుస్తోంది. ఒకప్పుడు బ్రౌజర్‌లో జావా యాప్లెట్‌గా దాని ఆకుపచ్చ అక్షరాల స్క్రీన్ తెరుచుకునేది, ఇప్పుడు ఖాళీ పేజీ వస్తోంది. బయట ఉన్నవాళ్లు తమ కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పని చేసుకోవాలి. రూటర్‌లో టెల్నెట్ (దూరం నుంచి స్క్రీన్ తెరిచే పాత పద్ధతి) వాడే పోర్టు 23ని మెషీన్‌కి మళ్లిస్తే సరిపోతుందా అని అడిగారు.

మళ్లించకండి. టెల్నెట్‌లో సైన్ ఆన్ స్క్రీన్ మీద కొట్టిన పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది. అది ఎబ్‌సిడిక్ అనే ఐబీఎం అక్షర కోడ్‌లో ఉంటుంది కాబట్టి ఎవరికీ అర్థం కాదనుకోవద్దు, నెట్‌వర్క్ మీద వెళ్లే డేటాని చూపే ఏ ప్యాకెట్ అనలైజర్ అయినా దాన్ని మార్చి చూపిస్తుంది. పాత సెటప్‌లలో పాస్‌వర్డ్ లెవల్ 0 మీదే ఉండిపోతుంది. అంటే పాస్‌వర్డ్ గరిష్ఠంగా 10 అక్షరాలు, పెద్ద చిన్న అక్షరాల తేడా లేదు. అలాంటి తలుపును ఇంటర్నెట్ వైపు తెరవకూడదు. ముందుగా ఏఎన్‌జెడ్‌డీఎఫ్‌టీపీడబ్ల్యూడీ కమాండ్ నడపండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒకటే ఉన్న ప్రొఫైళ్ల (యూజర్ ఖాతాల) జాబితా వస్తుంది. ఆ జాబితా ఖాళీ అయ్యేదాకా మిగతా పని మొదలుపెట్టకండి.

పాత యాప్లెట్‌ని బతికించే ప్రయత్నం కూడా వద్దు. క్రోమ్ 2015లో వెర్షన్ 45తో ఆ తరహా ప్లగిన్‌లకు మద్దతు తీసేసింది, ఫైర్‌ఫాక్స్ 2017లో వెర్షన్ 52తో జావా ప్లగిన్‌ని ఆపేసింది. బ్రౌజర్ నుంచి జావా ప్రోగ్రామ్ తెరిచే జావా వెబ్ స్టార్ట్‌ కూడా జావా 11 నుంచి లేదు. పాత బ్రౌజర్, పాత జావా కలిపి పెడితే స్క్రీన్ రావచ్చు గానీ, ఆ కంప్యూటర్‌కి భద్రత అనేది ఉండదు.

మిగిలిన దారులు చెబుతాను. మెషీన్ మీదే నడిచే ఐబీఎం ఐ యాక్సెస్ ఫర్ వెబ్ ఒకటి. స్క్రీన్‌ని వెబ్ పేజీగా మార్చి చూపిస్తుంది. అప్పుడప్పుడు ఒక రిపోర్టు చూసుకునేవాళ్లకు చాలు, వేగంగా ఎంట్రీ చేసేవాళ్లకు విసుగు. డబ్బు పెట్టి కొనే హెచ్‌టీఎంఎల్5 ఎమ్యులేటర్లు (ఆ స్క్రీన్‌ని అనుకరించే ప్రోగ్రాములు) రెండోది. వీటిలో ఫీల్డులను బ్రౌజర్‌లోనే నింపుకుని ఎంటర్ కొట్టినప్పుడు మాత్రమే పంపేవి ఉన్నాయి, నెమ్మది లైన్ల మీద అవి హాయి. మూడోది ఉచితం: ఒక లినక్స్ మెషీన్ మీద వేరే కంప్యూటర్ స్క్రీన్‌ని బ్రౌజర్‌లో చూపించే అపాచీ గ్వాకమోలే అనే గేట్‌వే పెట్టి, దాని వెనక టీఎన్5250 అనే ఎమ్యులేటర్ నడపడం. మీరు చెప్పిన అవసరానికి నేను ఇదే సూచిస్తాను. రోజంతా ఎంట్రీ చేసేవాళ్లకు మాత్రం బ్రౌజర్ అంటగట్టకండి. వాళ్లకు వీపీఎన్ ఇచ్చి, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసే ఐబీఎం ఐ యాక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్ పెట్టండి.

గ్వాకమోలేకి 5250 (ఏఎస్/400 స్క్రీన్ మాట్లాడే భాష) నేరుగా తెలియదు. అందుకే లినక్స్‌లోకి ఎన్‌క్రిప్షన్‌తో లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ ఒకటి సృష్టించి, అందులో కమాండ్ అనే గడిలో టీఎన్5250ని పెడతాం. అప్పుడు యూజర్‌కి లినక్స్ షెల్ కనిపించదు, నేరుగా సైన్ ఆన్ స్క్రీన్ వస్తుంది, ఎమ్యులేటర్ ఆగగానే కనెక్షన్ కూడా ముగుస్తుంది. లినక్స్ వైపు ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లో ఆ ఖాతాకి పోర్ట్ ఫార్వర్డింగ్ ఆపేయండి.

టీఎన్5250కి ఇవ్వాల్సినవి నాలుగు. మొదటిది హోస్ట్ (అంటే మీ ఏఎస్/400) పేరు: దాని ముందు ఎస్ఎస్ఎల్ అనే గుర్తు పెడితే ఎన్‌క్రిప్షన్ చేసే టీఎల్ఎస్‌తో పోర్టు 992కి వెళ్తుంది. సర్టిఫికెట్ తనిఖీ ఆప్షన్‌ని కూడా ఆన్ చేయాలి, అది మర్చిపోతే ఎన్‌క్రిప్షన్ ఉన్నా అవతల ఉన్నది మన మెషీనే అన్న హామీ ఉండదు. రెండోది టెర్మినల్ రకం: 24 వరుసలు, 80 నిలువులకి ఐబీఎం-3179-2, 27 వరుసలు, 132 నిలువులు వాడే స్క్రీన్లుంటే ఐబీఎం-3477-ఎఫ్‌సీ. మూడోది అక్షరాల మ్యాప్ (ఎబ్‌సిడిక్‌లో ఏ కోడ్ ఏ అక్షరమో చెప్పే పట్టిక), సాధారణంగా 37. మీ మెషీన్ 500 మీద ఉంటే ఆశ్చర్యార్థకం, నిలువు గీత, చదరపు బ్రాకెట్లు తారుమారవుతాయి. స్క్రీన్ మీద అది చిన్న తేడాలాగే కనిపిస్తుంది. పాస్‌వర్డ్‌లో (లెవల్ 2 లేదా పైన అయితే) ఆ గుర్తు ఉన్న యూజర్ మాత్రం సరిగ్గా కొడుతూనే విఫలమవుతూ, చివరికి ప్రొఫైల్ డిజేబుల్ చేయించుకుంటాడు.

నాలుగోది డివైస్ పేరు, అంటే మెషీన్ ఆ స్క్రీన్‌ని గుర్తుపట్టే పేరు. నా దృష్టిలో ఈ మొత్తం సెటప్‌లో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. పేరు ఇవ్వకపోతే మెషీన్ తనంతట తాను క్యూప్యాడెవ్0001 లాంటి పేరు పెడుతుంది, ఈసారి 0001 అయితే మరోసారి 0007. దీంతో రెండు నష్టాలు. మొదటిది, యాక్టివ్ జాబ్‌ల (నడుస్తున్న సెషన్ల) జాబితాలో ఆ పేరు చూసి ఎవరు బయటి నుంచి వచ్చారో, ఎవరు ఆఫీసులో ఉన్నారో తెలియదు; ఐపీ అడ్రస్ చూసినా, గేట్‌వే ద్వారా వచ్చే వాళ్లందరిదీ ఒకటే, అది గేట్‌వేదే. రెండోది, మధ్యలో లైన్ తెగితే యూజర్ మళ్లీ తన జాబ్‌లోకి రాలేడు. తెగిన జాబ్‌కి తిరిగి చేరాలంటే అదే యూజర్ అదే డివైస్ పేరుతో రావాలి.

ఇది ఆచరణలో ఎలా కనిపిస్తుందంటే: ఒకాయన ఒక ఆర్డర్‌ని మార్పు కోసం తెరిచాడు, రికార్డు లాక్ అయింది. లైన్ తెగింది. లైన్ తెగితే జాబ్‌ని ఏం చేయాలో చెప్పే క్యూడెవ్ఆర్‌సీవైఏసీఎన్ సిస్టమ్ వాల్యూ (మెషీన్ మొత్తానికి వర్తించే సెట్టింగ్) డీఎస్‌సీఎంఎస్‌జీ మీద ఉంటే ఆ జాబ్ ముగియదు, డిస్‌కనెక్ట్ స్థితిలో ఆగుతుంది. అలా ఎంతసేపు ఆగాలో చెప్పే క్యూడీఎస్‌సీజాబ్ఐటీవీ డిఫాల్ట్ 240 నిమిషాలు. ఆయన వేరే డివైస్ పేరుతో మళ్లీ వచ్చి అదే ఆర్డర్ తెరవబోతే, రికార్డు మరో జాబ్ వాడుతోందని మెసేజ్ వస్తుంది. ఆ మరో జాబ్ ఆయనదే. ఎవరో ఒకరు దాన్ని ముగించేదాకా, లేదా నాలుగు గంటలు గడిచేదాకా ఆ ఆర్డర్ కదలదు. ఆఫీసు డెస్క్ దగ్గర సైన్ ఆఫ్ చేయకుండా ఇంటికి వెళ్లి బ్రౌజర్‌లో కూర్చున్నవాళ్లకీ ఇదే జరుగుతుంది.

అందుకని డివైస్ పేరుని గ్వాకమోలే యూజర్ పేరు నుంచే తీసుకోండి. కనెక్షన్ సెట్టింగ్స్‌లో యూజర్ పేరుకి ఒక టోకెన్ (అసలు పేరుగా మారే గుర్తు) ఉంది, దాన్ని టీఎన్5250కి డివైస్ పేరు ఇచ్చే డెవ్‌నేమ్ విలువలో వాడవచ్చు. గ్వాకమోలే యూజర్ పేర్లు అక్షరంతో మొదలవ్వాలి, ఖాళీలు, ప్రత్యేక గుర్తులు ఉండకూడదు. ఆ పేరు కమాండ్‌లోకి వెళ్తుంది కాబట్టి ఇది భద్రతకి సంబంధించిన నియమం కూడా. డివైస్ పేరు మొత్తం 10 అక్షరాలు దాటకూడదు. ముందు డబ్ల్యూ అక్షరం, చివర ఏ లేదా బీ పెట్టుకుంటే 8 మిగులుతాయి. ఏ, బీ ఎందుకంటే చాలామందికి రెండు స్క్రీన్లు కావాలి. ఒకే పేరుతో రెండో విండో తెరిస్తే డివైస్ అందుబాటులో లేదని 8902 కోడ్ వస్తుంది. రెండు వేర్వేరు కనెక్షన్లు పెట్టి, ఒక్కో దానికి యూజర్‌కి ఒకే సెషన్ అన్న పరిమితి పెట్టండి.

8925 వస్తే డివైస్ సృష్టించడం కుదరలేదని, 8940 వస్తే ఆటో కాన్ఫిగరేషన్ విఫలమైంది లేదా దానికి అనుమతి లేదని అర్థం. రెండింటికీ ముందు చూడాల్సింది క్యూఆటోవీఆర్‌టీ సిస్టమ్ వాల్యూ. అది 0 ఉంటే వర్చువల్ డివైస్‌లు వాటంతట అవి తయారు కావు. తప్పు పాస్‌వర్డ్ ఎక్కువసార్లు కొట్టినప్పుడు ప్రొఫైల్‌తో పాటు డివైస్ కూడా వేరీ ఆఫ్ (వాడకుండా నిలిపివేత) అయ్యే సెట్టింగ్ ఉండొచ్చు. అప్పుడు ప్రొఫైల్‌ని ఎనేబుల్ చేసినా యూజర్‌కి స్క్రీన్ రాదు, డివైస్‌ని కూడా వేరీ ఆన్ చేయాలి.

ఇక టీఎల్ఎస్. మెషీన్‌లో డిజిటల్ సర్టిఫికెట్ మేనేజర్‌లో టెల్నెట్ సర్వర్‌కి సర్టిఫికెట్ అప్పగించి, టెల్నెట్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే 992 తెరుచుకుంటుంది. ఆపినప్పుడు అందరి సెషన్లూ పోతాయి, పని లేని వేళ చూసుకోండి. ఏఎస్/400 ఆపరేటింగ్ సిస్టమ్ వీ5ఆర్4, 6.1 లాంటి పాత రిలీజ్‌లలో టీఎల్ఎస్ 1.0 దాటి లేదు. కొత్త లినక్స్‌లోని టీఎల్ఎస్‌ని నడిపే ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 దాన్ని డిఫాల్ట్‌గా ఒప్పుకోదు, హ్యాండ్‌షేక్ దగ్గరే ఆగిపోతుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ సెక్యూరిటీ లెవల్‌ని 0కి దించితే కనెక్ట్ అవుతుంది గానీ, గేట్‌వే మెషీన్ మొత్తానికి దించకండి. ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే వేరే కాన్ఫిగరేషన్ ఫైల్ ఇవ్వండి. లేదా గేట్‌వేకి రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టి, దానికీ హోస్ట్‌కీ మధ్య ఇంకెవరూ లేని వేరే వీల్యాన్ (విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగం) ఇవ్వండి. బ్రౌజర్‌కి ఈ పాత టీఎల్ఎస్‌తో పనే లేదు, అది మాట్లాడేది గేట్‌వేతో మాత్రమే. గేట్‌వే పెట్టడంలో పెద్ద లాభం ఇదే.

ఫైర్‌వాల్‌లో బయటి నుంచి గేట్‌వేకి పోర్టు 443 ఒక్కటే, గేట్‌వే నుంచి హోస్ట్‌కి 992 ఒక్కటే. గ్వాక్‌డీ (గ్వాకమోలే వెనక నడిచే ప్రోగ్రామ్) వాడే పోర్టు 4822కి సొంతంగా లాగిన్ అంటూ ఏమీ లేదు, అది ఆ మెషీన్ లోపలిదైన లోకల్‌హోస్ట్ దాటకూడదు. టామ్‌క్యాట్ (గ్వాకమోలే వెబ్ పేజీని నడిపే సర్వర్) పోర్టు 8080 కూడా అంతే, దాని ముందు వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ పెట్టి అక్కడే సర్టిఫికెట్ ఉంచండి. ఎన్‌జిన్ఎక్స్‌లో బఫరింగ్ ఆపి, వెబ్‌సాకెట్ కోసం అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు పంపకపోతే స్క్రీన్ వస్తుంది గానీ కీలు ఆలస్యంగా పడతాయి. డేటాబేస్‌తో పాటు వచ్చే గ్వాక్ అడ్మిన్ ఖాతాకి పాస్‌వర్డ్ కూడా అదే పేరు, మొదటి రోజే తీసేయండి. టీఓటీపీ ఎక్స్‌టెన్షన్ పెట్టి ఫోన్‌లో వచ్చే 6 అంకెల కోడ్‌ని తప్పనిసరి చేయండి. హోస్ట్ పాస్‌వర్డ్ ఎంత బలహీనంగా ఉన్నా ముందు ఈ గడప దాటాలి.

కీబోర్డు గురించి యూజర్లకి ముందే చెప్పాలి, లేకపోతే మొదటి గంటలోనే ఫిర్యాదులు వస్తాయి. ఎఫ్3, ఎఫ్5, ఎఫ్12 మామూలుగా బ్రౌజర్ వాడుకునే కీలే అయినా గ్వాకమోలే వాటిని పట్టుకుని లోపలికి పంపుతుంది. కంట్రోల్ డబ్ల్యూ మాత్రం బ్రౌజర్ ఎవరికీ ఇవ్వదు, ట్యాబ్ మూసుకుపోతుంది. ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా షిఫ్ట్‌తో రాకపోతే ఎస్కేప్ నొక్కి వదిలి, షిఫ్ట్‌తో పై వరుసలోని అంకె కొట్టాలి: షిఫ్ట్ 1 అంటే ఎఫ్13. ఫీల్డ్ ఎగ్జిట్‌కి (గడి ముగించి తర్వాతి గడికి వెళ్లే కీ) కంట్రోల్ ఎక్స్, ఎర్రర్ రీసెట్‌కి కంట్రోల్ ఆర్, సిస్టమ్ రిక్వెస్ట్‌కి కంట్రోల్ సీ. కాపీ చేద్దామని అలవాటుగా కంట్రోల్ సీ నొక్కితే స్క్రీన్ అడుగున టైప్ చేసే ఖాళీ గీత వచ్చి కూర్చుంటుంది, కంగారు పడక్కర్లేదు, ఎంటర్ కొట్టి మెనూలోంచి ఎఫ్12తో వెనక్కి రావచ్చు. పరిమాణం గడిలో 125 కొట్టి ఫీల్డ్ ఎగ్జిట్‌కి బదులు ట్యాబ్ నొక్కితే, రైట్ అడ్జస్ట్ ఫీల్డ్ (అంకెలు కుడివైపు జరగాల్సిన గడి) అయితే అంకెలు ఎడమవైపే ఉండిపోయి తప్పుగా చదవబడొచ్చు. ఎంట్రీ చేసేవాళ్లతో ఈ ఒక్క కీని దగ్గరుండి సాధన చేయించండి.

లైన్ తరచూ తెగే చోట టీఎన్5250ని టీమక్స్ (కనెక్షన్ తెగినా ప్రోగ్రామ్‌ని నడుపుతూ ఉంచే సాధనం) లోపల నడపవచ్చు. బ్రౌజర్ పోయినా సెషన్ గేట్‌వేలో బతికే ఉంటుంది, మళ్లీ వస్తే కర్సర్ ఆగిన గడిలోనే ఉంటుంది. అప్పుడు టీమక్స్ ప్రిఫిక్స్ (దాని ఆదేశాలకు ముందు నొక్కే కీ) కంట్రోల్ బీని మార్చాలి, టీఎన్5250లో అది పేజీ పైకి జరిపే కీ. పాత టీమక్స్ వెర్షన్లలో ఎస్కేప్ టైమ్‌ని (ఎస్కేప్ తర్వాత వచ్చే కీ కోసం ఆగే సమయాన్ని) డిఫాల్ట్ 500 మిల్లీసెకన్ల నుంచి 20 దగ్గరికి తగ్గించకపోతే ఎస్కేప్‌తో కొట్టే ఫంక్షన్ కీలు నత్తనడక నడుస్తాయి. సైన్ ఆన్ అయిన స్క్రీన్ ఎవరూ లేకుండా తెరిచి ఉంటుంది కాబట్టి, హోస్ట్‌లో పని లేని స్క్రీన్‌ని ఎంతసేపు ఉండనివ్వాలో చెప్పే క్యూఇనాక్ట్ఐటీవీని తప్పక పెట్టండి. 5 నుంచి 300 నిమిషాల దాకా ఇవ్వవచ్చు, 30 దగ్గర మొదలుపెట్టి చూడండి.

ప్రింటింగ్ ఈ దారిలో రాదు. స్పూల్ ఫైల్ (ప్రింట్ కావాల్సిన రిపోర్టు) మెషీన్‌లోని ప్రింట్ వరుస అయిన అవుట్ క్యూలోనే ఉంటుంది. రిలీజ్ 6.1 నుంచి, ట్రాన్స్‌ఫార్మ్ సర్వీసెస్ ప్రోగ్రామ్ ఉంటే, సీపీవైఎస్‌పీఎల్ఎఫ్ కమాండ్‌తో స్పూల్‌ని నేరుగా పీడీఎఫ్‌గా ఒక ఫోల్డర్‌లోకి రాయవచ్చు. ఆ ఫోల్డర్ నుంచి మెయిల్‌లో పంపడం ఒక చిన్న సీఎల్ (ఏఎస్/400 కమాండ్ల భాష) ప్రోగ్రామ్ పని.